ఏడో ఏటి పువ్వు

శుక్రవారం మధ్యాహ్నం కుల్పాష్ బాల్కనీలో మోకాళ్ళ మీద కూర్చుని పెట్టెల్లో కలుపు తీస్తోంది. కళ్ళజోడు లేకుండా అయ్యే పని కాదది. తులిప్ విత్తనం మొలిచిన మొదటి ఏడు దారప్పోగంత ఆకు ఒక్కటే వేస్తుంది. పక్కన మొలిచే గడ్డిపోచ కూడా అచ్చం అలాగే ఉంటుంది. ఏది ఉంచాలో ఏది పీకాలో తెలియాలంటే రెండు వేళ్ళ మధ్య పట్టి మెల్లగా నలిపి చూడాలి. గడ్డి గరుకుగా తగులుతుంది. తులిప్ మెత్తగా, చల్లగా, జారిపోయేట్టు ఉంటుంది.

బాల్కనీ ఒక మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత. అందులోనే గోడవారగా ఏడు పెట్టెలు, బజారులో ఆపిల్ పళ్ళు వచ్చే చెక్కపెట్టెలు. ఒక్కో దాని మీద విత్తిన సంవత్సరం తెల్లరంగుతో రాసి ఉంది. ఈ గనుల ఊరు జనతాస్‌లో కరాతావ్ కొండల మీది నుంచి గాలి ఏడాది పొడుగునా కొడుతూనే ఉంటుంది కనక, కటకటాలకు లోపలివైపు పాత కంబళి కట్టింది. చలికాలం ఆ కంబళినే పెట్టెల మీద కప్పుతుంది. మంచు తగలకపోతే ఈ మొక్క మొలవదు, మరీ ఎక్కువ తగిలితే గడ్డ పగిలిపోతుంది.

ఆరు పెట్టెల్లో మొక్కకొక ఆకే. చివరి పెట్టె, అన్నిటికన్నా పాతది, ఈ వసంతంలో దారి మార్చింది. అందులో ఒక మొక్క మూడు ఆకులు వేసింది. వెడల్పాటి ఆకులు, వాటి మీద ఎవరో కుంచె విదిలించినట్టు ఊదారంగు చారలు. మధ్యలో బొటనవేలంత ఆకుపచ్చ మొగ్గ. పొద్దుటి నుంచి ఆ మొగ్గ అంచు వెంట ఎర్రటి గీత కనిపిస్తోంది.

కింద ఆవరణలోంచి ఎవరో పిలిచారు. కంబళి పైనుంచి తొంగిచూస్తే, చంకలో ఫైలు పెట్టుకున్న నడివయసు మనిషి తలెత్తి బాల్కనీనే చూస్తున్నాడు. ఇల్లు మీదేనా అని అడిగి, మెట్లెక్కి వచ్చాడు. గడప దాటలేదు. తన పేరు మెయ్‌రామ్ అనీ, కొండ మీది మొక్కల్నీ జంతువుల్నీ కాపాడే కార్యాలయంలో ఇన్‌స్పెక్టర్‌ననీ చెప్పి గుర్తింపుకార్డు చూపించాడు. నిన్న పెద్దరోడ్డు మలుపు దగ్గర తనతో పనిచేసేవాళ్ళు రెండు బకెట్ల కొండ తులిప్‌లు పట్టుకున్నారట. ఆ పువ్వు అంతరించిపోతున్న మొక్కల ఎర్రపుస్తకంలో ఉంది, కోసినా తవ్వినా నేరమే. అమ్ముతున్నామె, ఆ పూలు తనవి కావనీ, మూడో అంతస్తు కుల్పాష్ కొండ నుంచి గడ్డలతో సహా తెచ్చి బాల్కనీలో దాచి, అమ్మమని తనకిస్తుందనీ రాసిచ్చింది.

కుల్పాష్ చేతుల మట్టి గౌనుకు తుడుచుకోబోయి ఆగిపోయింది.

"ఎవరు రాసిచ్చారు?"

"పేరు నేను చెప్పకూడదు అపా," అన్నాడు, పెద్దావిడను పిలిచే పిలుపుతో. " ఈ మెట్లదారిలో ఉండేవాళ్ళే."

లోపలికొచ్చి చూడమని ఆమె పక్కకు తప్పుకుంది. ఇద్దరు సాక్షులు లేకుండా ఇంట్లో అడుగుపెట్టే అధికారం తనకు లేదన్నాడు. సోమవారం పది గంటలకు వస్తాననీ, అప్పటిదాకా ఒక్క పెట్టె కూడా కదపొద్దనీ చెప్పాడు. నేరం తేలితే గడ్డలన్నీ తీసుకెళ్ళిపోతారు, కేసు కోర్టుకు పోతుంది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, ఈ మెట్లదారిలో కొండకు వెళ్ళి పూలు తెచ్చేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు.

వారం నుంచి తెల్లవారకముందే రెండో అంతస్తు దుయ్‌సెన్ కారు ఆవరణలో దగ్గుతూ కదిలిపోవడం ఆమెకు వినిపిస్తోంది. మంగళవారం రెండో అంతస్తు మెట్టు మీద నలిగిన ఎర్రటి రేకు కనిపిస్తే వంగి తీసి కిటికీలోంచి పడేసింది. దుయ్‌సెన్ భార్య నగీమా ఈమధ్య రొట్టె పిండి అప్పుకు రావడం మానేసింది.

"నేను చూడలేదు," అంది కుల్పాష్.

అది నిజమే. ఆమె వినడమే తప్ప చూడలేదు.

*

శనివారం పొద్దున్నే ఆమె గదిలో బట్ట పరిచి ఉన్ని ఏకడానికి కూర్చుంది. గొర్రె ఉన్నిని రెండు సన్నటి బెత్తాలతో కొడుతుంటే దుమ్ము రాలి, ముద్దలు విడిపోయి మేఘంలా పొంగుతుంది. ఒక పెళ్ళివారికి నాలుగు బొంతలు కుట్టాలి. కుడిచేయీ ఎడమచేయీ మార్చి మార్చి కొట్టాలి, లేకపోతే ఒక పక్క గట్టిపడుతుంది. ఆవేళ ఎడమచేయి మాటిమాటికీ ఆగిపోతోంది.

పదకొండు గంటలకు పెళ్ళికూతురి మేనత్త వచ్చింది. టీ వద్దంది. నూనెలో వేయించిన బౌర్సాకుల పళ్ళెం వైపు కూడా చూడలేదు. పెళ్ళి కాస్త వెనక్కి జరిగిందనీ, ఉన్ని ప్రస్తుతానికి తీసుకుపోతాననీ, మళ్ళీ కబురుచేస్తాననీ గోడకేసి చూస్తూ చెప్పింది. కుల్పాష్ ఏకిన ఉన్నీ ఏకని ఉన్నీ వేరువేరు సంచుల్లో కూరి, మూతులు కట్టి గుమ్మం దాకా మోసింది. చెప్పులు తొడుక్కుంటూ ఆవిడ ఊరుకోలేకపోయింది. "కొండని దోచినవాళ్ళ చేతి బొంత కొత్త దంపతులకి మంచిది కాదని మావాళ్ళు అంటున్నారమ్మా. నేను కాదు అనేది," అంది.

మధ్యాహ్నం జినైదా పావ్లోవ్నా వచ్చింది. ఈ భవనం అంతటికీ పెద్ద ఆవిడే. పైకప్పు కారినా, నీళ్ళు రాకపోయినా, మెట్ల మీద బల్బు పోయినా ఆవిడ నోట్‌బుక్కులోకి ఎక్కాల్సిందే. బాల్కనీలోకి వెళ్ళి సిమెంటు నేలని మడమతో రెండుసార్లు తన్ని చూసింది. అంత మట్టి బరువు ఈ పాత బాల్కనీ మోయలేదంది. నలభై ఏళ్ళుగా ఒకే మెట్లదారిలో ఉంటున్నాం, నువ్వు దొంగవని నేననను, కానీ భవనమంతా నోళ్ళలో పడింది, ఇవి లేకపోతే అందరికీ నిమ్మళం అంది. మాట్లాడుతూనే ఆవిడ చూపు చివరి పెట్టె మీద ఆగింది. మొగ్గ అప్పటికి సగం ఎర్రబడింది.

"ఇదేనా?"

"ఇదే."

"ఎన్నాళ్ళకి?"

"ఏడేళ్ళు."

జినైదా పావ్లోవ్నా నోట్‌బుక్కు మూసింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం నీళ్ళు తగ్గిపోతే కుల్పాష్ బకెట్ తీసుకుని ఆవరణలోని కుళాయి దగ్గరికి దిగింది. నగీమా అక్కడే ఉంది, వీపు ఇటు. అడుగుల చప్పుడు విని కూడా తిరగలేదు. ఆమె మెడ వెనక చర్మం ఎర్రగా కందడం కుల్పాష్‌కు కనిపించింది. బకెట్ ఇంకా సగమే నిండింది, అయినా నగీమా కుళాయి కట్టేసి, నీళ్ళు కాళ్ళ మీద ఒలుకుతున్నా లెక్కచేయకుండా నడిచిపోయింది. ఎవరు రాసిచ్చారో అప్పుడు కుల్పాష్‌కు తెలిసిపోయింది. నగీమా బిగించిపోయిన కుళాయి ఒక చేత్తో తిరగలేదు. రెండు చేతులూ వేసి తిప్పాల్సొచ్చింది.

*

ఆదివారం ఆమె తమ్ముడు సపార్ కారు వేసుకుని, ఖాళీ గోనెసంచులు పట్టుకుని వచ్చాడు. మాట ఊరి అవతల ఉండే అతని దాకా పోయింది. కూర్చోలేదు. సంచులు విదిలించి గదిలో పరిచాడు.

అతని లెక్క తేలిక. పెట్టెలుంటేనే నేరం. పెట్టెలు లేకపోతే, ఎవరో ఏదో రాసిచ్చారు, అంతే. మట్టి అంతా సంచుల్లోకి గుమ్మరించి, గనుల దగ్గరి గోతుల్లో పారబోసి, బాల్కనీ కడిగేస్తే సోమవారం ఆయన వచ్చి తడినేల చూసుకుని పోతాడు. ఏప్రిల్ మధ్యలో బాల్కనీ కడిగావేం అని అడిగే చట్టం లేదు కదా అన్నాడు.

"కదపొద్దన్నాడురా."

"కదిపితే తిడతాడు. కదపకపోతే కోర్టుకి ఈడుస్తాడు. ఏది నయం?"

సపార్ బాల్కనీలోకి వెళ్ళి ఈ ఏడే మొలిచిన పెట్టె ఎత్తాడు. దారప్పోగుల్లాంటి ఆకులు గాలికి ఒక్కసారిగా ఒక పక్కకు వాలాయి. దాన్ని గదిలో సంచి మీద దింపి, రెండోదీ మూడోదీ తెచ్చాడు. కుల్పాష్ గుమ్మంలో నిలబడి చూస్తూ ఉండిపోయింది. తమ్ముడు చెప్పింది తప్పని ఆమెకు తోచలేదు. కోర్టు గుమ్మం తొక్కిన మనిషి కుట్టిన బొంత ఈ ఊళ్ళో ఎవరు కప్పుకుంటారు? యాభై ఎనిమిదేళ్ళ వయసులో ఇంకే పని నేర్చుకుంటుంది?

సపార్ చివరి పెట్టె దగ్గర వంగాడు. సరిగ్గా అప్పుడే కొండల పక్క నుంచి ఎండ కంబళి అంచు దాటి పడింది. మొగ్గ తెరుచుకుని ఉంది. ఎప్పుడు తెరుచుకుందో ఆమె చూడలేదు. పొద్దుటి నుంచి ఆ వైపు వెళ్ళడానికి భయపడింది. ఆరు రేకులు వెనక్కి వంగి, లోపల అడుగున నల్లటి మచ్చ, దాని చుట్టూ సన్నని పసుపు అంచు. ఎరుపంటే కొండ మీది ఎరుపే. దేనితోనూ పోల్చి చెప్పేది కాదు.

సపార్ రెండు చేతులూ పెట్టె కిందికి పోనిచ్చాడు. కుల్పాష్ వచ్చి రెండో పక్క పట్టుకుంది. సాయం పడుతోందనుకుని అతను ఎత్తబోయాడు. పెట్టె లేవలేదు. ఆమె కిందికి అదిమి పట్టుకుని ఉంది.

"అక్కా, వదులు."

"నువ్వు వదులు."

"ఒక పువ్వు కోసం ఊళ్ళో తలెత్తుకోకుండా చేసుకుంటావా?"

"ఇది పారేస్తే దొంగతనం నేను చేసినట్టే అవుతుంది సపార్. ఉంచితే కనీసం, చెయ్యలేదని చెప్పడానికి ఇదొకటి ఉంటుంది. మిగతావి ఎక్కడివక్కడ పెట్టు."

అతను వీపు నిలబెట్టి, గదిలోని మూడు పెట్టెలూ ఒకదాని తర్వాత ఒకటి తిరిగి మోసుకొచ్చాడు. ఏది ఎక్కడుందో తెలియక తారుమారుగా పెట్టాడు, ఆమె సరిచేసింది. టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. సంచులు గదిలోనే వదిలేశాడు.

పొద్దువాలేసరికి పువ్వు రేకులు దగ్గరికి ముడుచుకుంది. ఏడేళ్ళు ఎదురుచూసిన పువ్వు ముందు కుల్పాష్ స్టూలు వేసుకుని కూర్చుంది. చూస్తోందే కానీ, మనసంతా పది గంటల మీదే ఉంది.

*

సోమవారం మెయ్‌రామ్ చెప్పిన వేళకే వచ్చాడు. సాక్షులిద్దరు కావాలంటే జినైదా పావ్లోవ్నా ఒకరయింది. రెండోవారికోసం ఆవిడ మెట్లు దిగి తలుపులు తట్టింది. పనిరోజు, ఆ వేళప్పుడు ఇళ్ళలో ఎవరుంటారు? చివరికి నగీమాను వెంటబెట్టుకొచ్చింది. రోడ్డు మలుపు దగ్గర కాగితం రాయించుకున్నది వేరే ఉద్యోగులు కావడంతో మెయ్‌రామ్‌కు ఆమె ముఖం తెలియదు. జినైదా పావ్లోవ్నాకు అసలు సంగతే తెలియదు. తెలిసినవాళ్ళు ఇద్దరే, ఆ ఇద్దరూ తలలు దించుకున్నారు.

నలుగురూ బాల్కనీలో పట్టలేదు. నగీమా గుమ్మంలోనే నిలబడింది. మెయ్‌రామ్ గొంతుక్కూర్చుని మొదటి పెట్టె నుంచి మొదలుపెట్టాడు. సంవత్సరాలు చదివాడు. ఆకుల వెడల్పు వేలితో కొలుస్తూ ఒక్కో పెట్టే దాటాడు: దారప్పోగు, గడ్డిపోచ, చాకు అంచు, నాలుక. అతని ముఖంలో ఏమీ తెలియడం లేదు. చివరి పెట్టె దగ్గర చాలాసేపు ఆగాడు.

"చిన్నవి మీరు పెంచినవే అనుకుందాం అపా. ఇది కూడా మీరే పెంచారని నేనెలా రాయను? పూసేదాన్ని కొండ నుంచి తెచ్చి ఇందులో గుచ్చవచ్చు. బకెట్లలో పట్టుకున్నవీ అచ్చం ఇలాగే ఉన్నాయి."

ఏం చేస్తే తెలుస్తుందని ఆమె అడిగింది.

"తవ్వాలి. కొండలో దీని గడ్డ జానెడు లోతున రాళ్ళ మధ్య ఉంటుంది. మట్టిలో ఉన్న కాడ జానెడు తెల్లగా ఉంటుంది. చూస్తే తెలిసిపోతుంది." ఎర్రటి రేకుల వైపు చూసి, "పువ్వు మీద ఉండగా తవ్వితే మొక్క దక్కకపోవచ్చు. మీరు వద్దంటే బలవంతం చెయ్యను. అప్పుడు అనుమానం అనుమానంగానే రాస్తాను," అన్నాడు.

కుల్పాష్ కంబళి కిందనుంచి చెక్క చెంచా తీసింది. ఇనుప పార ఆమె ఎప్పుడూ వాడదు, గడ్డకు గాటు పడుతుందని. పెట్టె అంచు దగ్గర మొదలుపెట్టి చెంచాడు చెంచాడుగా మట్టి తీసి తువ్వాలు మీద పోసింది. నాలుగు వేళ్ళ లోతు పోయాక చెంచా పక్కన పెట్టి వేళ్ళతోనే తోడింది. ఎడమచేయి కాడను నిలబెట్టి పట్టుకునే ఉంది. పువ్వు ఎండకు పూర్తిగా తెరుచుకుని, ఆమె చేయి కదిలినప్పుడల్లా తల ఊపుతోంది. చేతికి పెట్టె అడుగు తగిలింది. వేళ్ళు గడ్డ కిందికి పోవడం లేదు. చెక్కకు అతుక్కుపోయి ఉంది. గోటితో మెల్లగా విడదీసి పైకి తీసింది.

మెయ్‌రామ్ రెండు చేతులూ చాపి అందుకున్నాడు. కాడకు తెల్లటి భాగం ఆరు వేళ్ళు కూడా లేదు. గడ్డను తిప్పి చూశాడు. కిందివైపు గుండ్రంగా లేదు, చదునుగా ఉంది. ఏటేటా కిందికి దిగుతూ దిగుతూ అడుగు చెక్క తగిలాక ఇక దారి లేక అక్కడే ఊరినట్టుంది. గోధుమరంగు తొక్క మీద చెక్క గీతలు వరసగా అచ్చుపడి ఉన్నాయి. అతను గడ్డను పెట్టె అడుగున పెట్టి చూశాడు. గీతలు గీతల్లో కూర్చున్నాయి.

"ఇది ఇక్కడ పుట్టిందే," అన్నాడు.

జినైదా పావ్లోవ్నా గట్టిగా ఊపిరి వదిలింది.

కానీ ఇన్‌స్పెక్టర్ ఫైలు మూయలేదు. రాసుకుంటూనే, విత్తనం ఎక్కడిదని అడిగాడు. బజారులో ఎవరో ముసలాయన దగ్గర కొని ఉంటుందిలెండి, ఇన్నేళ్ళయ్యాక ఎవరికి గుర్తుంటుంది అని జినైదా పావ్లోవ్నా గబగబా అందుకుంది. కుల్పాష్ మోచేతిని మెల్లగా పొడిచింది కూడా. మెయ్‌రామ్ తలెత్తలేదు. ఆ జవాబే రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టు కలం ఆపి పట్టుకున్నాడు.

"కొనలేదు," అంది కుల్పాష్. "పాత గని వెనక వాలులో కోశాను. జూన్‌లో. ఎండిన కాయ, ఒక్కటి. మర్నాడు ఇంకొకటి కోద్దామని వెళ్ళి, మనసొప్పక తిరిగొచ్చాను. తర్వాత్తర్వాత పెట్టెలన్నీ ఆ కాయ విత్తనాలే, కొన్ని కొన్ని దాచి వేసినవి."

"కాయ కోసినా చట్టం ఒప్పుకోదు అపా."

"అప్పుడు తెలియదు. కోసిన మాట నిజం. అది రాయండి, సంతకం పెడతాను. అమ్మానని రాస్తే మాత్రం పెట్టను."

అతను రాశాడు. ఆ కాయకు చిన్న జరిమానా పడుతుందనీ, మొక్కలు లెక్క రాసుకుని ఆమె దగ్గరే ఉంచుతాననీ, ఎవరికీ ఇవ్వకూడదనీ చెప్పాడు. ఆమె మట్టిచేత్తోనే సంతకం పెట్టింది. జినైదా పావ్లోవ్నా పెట్టింది. తర్వాత కాగితాన్నీ కలాన్నీ గుమ్మంలో ఉన్న నగీమా వైపు చాపాడు.

నగీమా కలం అందుకుంది. కాగితాన్ని తలుపుకు ఆనించి పట్టుకుంది. "ఈ బాల్కనీలోని మొక్కలన్నీ ఇక్కడే విత్తి పెంచినవని మా కళ్ళ ఎదుట తేలింది" అన్న వాక్యం దగ్గర ఆమె వేలు ఆగింది. ఎంతసేపటికీ అక్కడి నుంచి కదలలేదు. కింద సంతకం చోటు చూపించాలేమోనని జినైదా పావ్లోవ్నా ముందుకు వంగింది. కుల్పాష్ తువ్వాలు మీది మట్టిని చూస్తూ ఉంది. సాయానికీ రాలేదు, నిందకూ రాలేదు.

"నేనిందులో సంతకం పెట్టకూడదేమో," అంది నగీమా.

ఎందుకని మెయ్‌రామ్ అడిగాడు.

"ఆ మొదటి కాగితం రాసింది నేనే."

మెయ్‌రామ్ ఫైలులోంచి పాత కాగితం తీసి పేరు చూశాడు, ఆమె ముఖం చూశాడు. ఇందులో రాసింది అబద్ధమా అని మామూలు గొంతుతోనే అడిగాడు.

"అబద్ధం. బకెట్లు మా ఇంటివి. ఈవిడకు ఏమీ తెలియదు. భయమేసి నోటికొచ్చిన పేరు చెప్పాను. పైన పూలు ఉన్నది ఈవిడకే కదా, అందుకు."

"కొండకెళ్ళి కోసిందెవరు?"

నగీమా కళ్ళు ఒక్క క్షణం కుల్పాష్ వైపు వెళ్ళి వచ్చాయి. "నేనే," అంది.

తెల్లవారకముందు దగ్గే ఆ కారు సంగతి కుల్పాష్ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ కారులో ఎవరుండేవారో తాను చూడలేదు. మింగేసింది.

పాత కాగితం వెనకవైపే నగీమా తలుపుకు ఆనించి నాలుగు వాక్యాలు రాసింది. కలం రెండుసార్లు కాగితాన్ని చించింది. బుధవారం కార్యాలయానికి రమ్మని చెప్పి, మెయ్‌రామ్ వేరే సాక్షిని వెతకడానికి జినైదా పావ్లోవ్నాతో కలిసి పక్క మెట్లదారి వైపు వెళ్ళాడు.

నగీమా వెళ్ళలేదు. గుమ్మానికి ఆనుకుని చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడింది. కుల్పాష్ తువ్వాలు మీది మట్టిని జల్లెడలో పోసి పెట్టెలోకి జల్లించసాగింది. అడుగున ముందు ఇసుక, దాని మీద మట్టి. ఈసారి కాస్త లోతైన పెట్టె కావాలి. కానీ అది తెచ్చేదాకా గడ్డ ఆగదు.

"పూలు ఇంకెవరు తెస్తారని అతను అడిగే ఉంటాడు. మా పేరు ఎందుకు చెప్పలేదక్కా?"

"నేను చూడలేదు కనక."

"తెలుసు కదా?"

"తెలుసు. తెలిసిందానికీ చూసిందానికీ తేడా ఉంది. ఆ తేడా నువ్వు నా విషయంలో పాటించలేదు."

నగీమా కళ్ళు తుడుచుకోలేదు, క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే కుల్పాష్ ఆమెను బయటికి పొమ్మని ఉండేది.

గడ్డను మట్టిలో కూర్చోబెట్టింది. కాడ నిలవలేదు. వేర్లు తెగిన మొక్క, పైన పువ్వు బరువు, కంబళి దాటి వచ్చే గాలి. ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో జల్లెడ ఊపబోయింది. జల్లెడ ఒరిగిపోయి మట్టి ఒకే చోట కుప్పగా పడింది. మళ్ళీ ప్రయత్నించింది. కాడ వంగి, పువ్వు పెట్టె అంచుకు తగిలింది.

"రా," అంది కుల్పాష్, తలెత్తకుండా. "ఇక్కడ పట్టుకో. గట్టిగా కాదు."

నగీమా వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. కాడను ఎలా పట్టుకోవాలో ఆమె వేళ్ళకు తెలియలేదు. అలవాటుగా గుప్పిట బిగించబోయి, సర్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలబెట్టింది. కుల్పాష్ రెండు చేతులా జల్లెడ ఊపింది. సన్నటి మట్టి గడ్డ చుట్టూ, కాడ చుట్టూ, నగీమా వేళ్ళ మీద రాలుతోంది.

"వదలనా?"

"ఇంకా వదలకు," అంది కుల్పాష్.